ఛీ పేరయ్య కట్టించిన బాత్రూమ్

పుట్టగానే పిల్లలందరూ కేరుమని ఏడిస్తే, పేరయ్య మాత్రం మంత్రసాని చేతులవంక ఒకసారి చూసి "ఛీ" అన్నాడని ఆ ఊళ్ళో చెప్పుకుంటారు. విన్న మంత్రసాని ఇప్పుడు లేదు, పక్కనున్న ముసలమ్మలూ లేరు. కాబట్టి కాదనేవాళ్ళు కూడా ఎవరూ లేరు.

చిలకలూరిపేట నుంచి లోపలికి వెళ్ళే బస్సుకి ఆ ఊరే ఆఖరు. చుట్టూ పత్తి, మిరప. ఊళ్ళో పేరయ్యలు చాలామంది ఉండేవారు. గుర్తు కోసం ఒకరిని పొట్టి పేరయ్య అనీ, ఒకరిని రేడియో పేరయ్య అనీ, ఈయన్ని ఛీ పేరయ్య అనీ పిలిచేవారు. పోస్టుమ్యాను కూడా ఆ పేరు చెబితేనే ఇల్లు కనుక్కునేవాడు.

ఆయన అసహ్యాలు చెప్పుకుంటూ పోతే పేట నుంచి గుంటూరు దాకా సరిపోతాయి. బస్సులో సీటు ఖాళీ అయినా ఆయన కూర్చోడు. "ఇంకొకడి వేడి మీద కూర్చోవడమేంది, ఛీ" అని సీటు చల్లారేదాకా నిలబడతాడు. చల్లారేలోపు అందులో ఇంకొకడు కూర్చుంటాడు. అలా బతుకంతా గుంటూరు నిలబడే వెళ్ళొచ్చాడు. పెళ్ళిళ్ళలో అరటిపండు తప్ప ముట్టడు. అదీ తనే ఒలుచుకుని, తొక్క పట్టుకుని, పండుకి తన వేళ్ళు కూడా తగలకుండా తింటాడు. టీ కొట్టుకి వెళితే జేబులోంచి సొంత గ్లాసు తీస్తాడు. ఒకసారి ఆ గ్లాసులో కొట్టువాడి వేలు మునిగిందని, టీతో సహా గ్లాసుని కాలవలోకి విసిరేశాడు. ఆ కాలవ నీళ్ళు పారేది తన చేలోకే అని ఇంటికెళ్ళాక గుర్తొచ్చింది. ఆ ఏడు సొంత చేలో కాసిన వంకాయ తినలేదు.

ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. ఆయన అసహ్యానికి కులం లేదు, మతం లేదు, చుట్టరికం లేదు. సొంత బావమరిది ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగడు. పాలెంలో చర్చి కట్టిన తాపీ మేస్త్రి బాలస్వామి ఒకసారి మొహం మీదే అన్నాడు:

"ఊళ్ళో పెద్దోళ్ళు మమ్మల్ని దూరం పెడతారండీ. తమరు అందర్నీ దూరం పెడతారు. అందుకే తమరంటే నాకిష్టం."

ఆ అసహ్యాన్ని దాటుకుని పేరయ్య దగ్గరికి చేరిన మనిషి లోకంలో ఒక్కతే, ఆయన భార్య వెంకటరావమ్మ. పెళ్ళిలో బువ్వం బంతి దగ్గర మొదలైంది అది. కొత్త దంపతులిద్దరూ ఒకే విస్తట్లో తినాలి. పెద్దమ్మలూ పిన్నమ్మలూ పప్పూ నెయ్యీ పోసి, తలా ఒక చెయ్యీ వేసి కలిపి, ఒకళ్ళకొకళ్ళు తినిపించుకోమన్నారు. అన్ని చేతులు తగిలిన ఆ ముద్ద చూసి పెళ్ళికొడుకు "ఛీ" అని పీటల మీంచి లేవబోయాడు. అప్పుడా పిల్ల తలెత్తకుండానే విస్తరిని మెల్లగా తిప్పి, "ఇటేపు ఎవురూ ముట్టలేదు, తిను" అంది, ఆయనకి మాత్రమే వినపడేట్టు. ఆయన కూర్చున్నాడు. తిన్నాడు. ఆ రోజు నుంచి ఆమె వండితే తింటాడు, ఆమె కడిగితే తాగుతాడు. ఆమె లేని పూట పస్తు.

ఇంత మనిషి లెట్రిన్ ఎక్కడ కట్టించుకుంటాడు? పెరటి చివర కట్టించాడు. పశువుల కొట్టం దాటి, గడ్డివాము దాటి, ఇంకా దాటడానికి ఏమైనా ఉంటే అది కూడా దాటి. ఆయన చేతిలో ఉంటే ఒంగోలులో కట్టించి రోజూ బస్సు మీద వెళ్ళొచ్చేవాడు. ఇంటి నుంచి అక్కడికి నాపరాళ్ళు పరిపించాడు. ఆ రాళ్ళ మీద వానాకాలం పాచి పట్టేది.

రెండు వేల ఒకటో సంవత్సరం ముసురు రోజుల్లో, ఆ పాచి మీదే వెంకటరావమ్మ జారిపడింది. తుంటి ఎముక విరిగింది. గుంటూరులో ఆపరేషను చేసి లోపల రాడ్ వేశారు. డాక్టరు రెండు మాటలే చెప్పాడు: ఇక ఎప్పటికీ గొంతుక్కూర్చోకూడదు, మంచానికి దగ్గర్లో కుర్చీలాంటి కమోడ్ ఉండాలి.

నడిమింట్లో మంచం వేశారు. వంట కోడలి చేతికి వచ్చింది; వెంకటరావమ్మ మంచం మీంచి చూసి తినమంటేనే పేరయ్య ముద్ద ఎత్తేవాడు. కోడలు కోటేశ్వరి అత్తగారికి మంచం మీదే బెడ్ పాన్ పెట్టడం, తీయడం, కడగడం అన్నీ మొదలుపెట్టింది. ఆ పాను ఇంట్లోంచి బయటికి వెళుతున్నప్పుడల్లా పేరయ్య కండువా ముక్కుకి అడ్డం పెట్టుకుని వీధిలోకి పోయేవాడు. ఎప్పుడు పోవాలో తెలియడానికి వీధి అరుగు మీదే మకాం పెట్టాడు.

కొన్నాళ్ళకి ఆయనకి ఇంకో అసహ్యం ఎదురైంది. వెంకటరావమ్మ పళ్ళెంలో అన్నం అన్నంగానే వెనక్కి వస్తోంది. రెండు మెతుకులు కెలికి, చెయ్యి కడిగేస్తోంది.

"తినే అన్నం ఇట్టా కెలికి పారేయడమేందే, ఛీ! చూట్టానికే రోతగా ఉంది" అన్నాడు గుమ్మంలోంచి.

ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. కోటేశ్వరి ఆ పళ్ళెం తీసుకుని వసారాలోకి వచ్చి, మామగారి ఎదురుగా నిలబడింది. మాట దాచుకునే మనిషి కాదు ఆమె.

"అత్తయ్యకి ఆకలి లేక కాదు మావయ్యా. తింటే మళ్ళీ నా చేత పాను పెట్టించుకోవాల. అందుకని తిండి మానేసింది. మంచినీళ్ళు కూడా గుక్కెడే తాగుతోంది. నిన్న జడ వేస్తంటే చూశా, మెడ ఎముకలు ఎంచొచ్చు. ఇట్టా ఇంకో నెలపోతే తుంటి బాగయ్యుద్ది గానీ మనిషి మిగలదు."

పేరయ్య నోరు తెరిచాడు గానీ ఛీ రాలేదు.

"ఆ మంచం పక్క గోడకి అవతల మిరప గది ఖాళీగా పడుంది గదా" అంది కోటేశ్వరి. "గోడకి తలుపు తీయిద్దాం. వెనక సగం బాత్రూమ్ కట్టిద్దాం. ఆవిడంతట ఆవిడ వాకరు పట్టుకుని పోయొచ్చుద్ది."

"ఇంట్లోనా?" అన్నాడు పేరయ్య.

"ఇంట్లోనే."

"అన్నం తినే ఇంట్లో? దేవుడి గూడున్న ఇంట్లో? గోడకి ఇటు వంటా, అటు..." ఆ మాట పూర్తి చెయ్యలేక వీధిలోకి పోయి ఉమ్మేసి వచ్చాడు. ఉమ్మిన చోట మట్టి కప్పించాడు.

మిరప గది అంటే పూర్వం కాయ నిల్వ చేసిన గది. గుంటూరులో కోల్డ్ స్టోరేజీలు రాకముందు, ధర వచ్చేదాకా కాయల బస్తాలు ఇంట్లోనే పెట్టుకునేవారు. పేరయ్య తండ్రి నాటి నుంచీ ఆ గదిలో నిండిన కాయా, తొక్కిన గింజా, రాలిన పొడీ ఎంతో లెక్కలేదు. గచ్చు నెర్రెల నిండా అదే. ఇప్పుడు కాయ కళ్ళంలోంచే లారీ ఎక్కిపోతోంది కాబట్టి గది ఖాళీ. కొత్తవాళ్ళు ఆ గుమ్మం దాటితే దగ్గొచ్చి వెనక్కి పరుగెత్తేవారు. ఇంట్లో వాళ్ళకి మాత్రం ఏమీ తెలిసేది కాదు. ఆ ఇంట పుట్టిన ఈగ కూడా తుమ్మేది కాదు.

ఆ రాత్రీ మర్నాడూ పేరయ్య అన్నం తినలేదు. బాత్రూమ్ తలుచుకుంటే తినబుద్ధి కాలేదు, పెళ్ళాం మెడ ఎముకలు తలుచుకున్నా తినబుద్ధి కాలేదు. చివరికి రెంటిలో ఏది ఎక్కువ రోతో తేల్చుకుని, కొడుకు నాగేంద్రబాబుని పిలిచి, "బండి తియ్యి" అన్నాడు.

పేటలో శానిటరీ సామాన్ల షాపుకి వెళ్ళారు. లోపల కమోడ్లు బారులు తీరి ఉన్నాయి. వాటిలో ఒక దాని మీద మూత వేసుకుని, షాపు యజమాని హాయిగా కూర్చుని పునుగులు తింటున్నాడు. పక్క కమోడ్ మీద టీ గ్లాసు, అల్లం పచ్చడి.

"రండి బాబాయిగారూ, కూర్చోండి" అని ఇంకో కమోడ్ చూపించాడు.

పేరయ్య ఒక్క ఉరుకున బయటపడ్డాడు. షాపు బయట స్తంభం పట్టుకుని, "ఒరే నాగేంద్రా, వాడు పునుగు ముంచుకుని తిన్నాడ్రా, దాని మీద కూర్చుని ముంచుకుని తిన్నాడ్రా" అని గింజుకున్నాడు.

"కొత్తది నాన్నా. ఎవరూ వాడలేదు."

"వాడనిదే ఇంత రోతగా ఉంటే, వాడింది ఎట్టుంటదిరా?"

సరుకేదో నాగేంద్రబాబే చూసి కొన్నాడు. పేరయ్య షరతులు మాత్రం దారి పొడుగునా బండి వెనక నుంచి చెవిలో పడుతూనే ఉన్నాయి. గాలిగొట్టం తాటిచెట్టంత ఎత్తు లేపాలి. తలుపు మీద తలుపు ఉండాలి. వంటింటివైపు గోడకి మేకు కూడా దిగకూడదు. సెప్టిక్ ట్యాంకు వీధి చివర తవ్వాలి.

"వీధి చివర పంచాయితీ ఆఫీసుంది నాన్నా."

"మరీ మంచిది."

బాలస్వామి వచ్చి కొలతలు వేసుకున్నాడు. ఇటుక దిగింది, సిమెంటు దిగింది. ఇసుక ట్రాక్టరు వచ్చి, అందరిళ్ళ ముందూ పోసినట్టే వీధిలో గోడవార పోసి పోయింది. సాయంత్రం పేరయ్య అరుగు మీద కూర్చుని చూస్తుండగా, వీధి కుక్క ఒకటి ఆ గుట్టెక్కి, నలుదిక్కులా చూసి, కాలెత్తింది. దాని వెనకే పిల్లి వచ్చి గొయ్యి తవ్వుకుని, తన పని చూసుకుని, పద్ధతిగా పూడ్చి వెళ్ళింది.

పేరయ్య వేసిన కేకకి మూడు వీధుల కోళ్ళు గూళ్ళలోకి దూరాయి.

"ఈ ఇసుకతోనా నా ఇంట్లో గోడ కట్టేది? మా ఆవిడ ఈ కుక్క ఉచ్చ మధ్య కూర్చుని స్నానం చెయ్యాలా?"

"లోకమంతా వీధిలో పోసిన ఇసకతోనే కడతారండీ" అన్నాడు బాలస్వామి. "చర్చికీ ఇట్టాంటి ఇసకే, గుడికీ ఇదే. దేవుళ్ళే సర్దుకుపోతన్నారు."

"దేవుళ్ళకి వాసన తెలీదేమో. నాకు తెలుసు."

ఆ ఇసుక ఎత్తించి రోడ్డు గుంటల్లో పోయించాడు. కొత్త ఇసుక తెప్పించాడు. ఎక్కడ పోయించాలి? పెరట్లో కోళ్ళున్నాయి, కొట్టంలో గేదెలున్నాయి, డాబా మీద కాకులున్నాయి. ఊరంతా వెతికినట్టు వెతికి, చివరికి ఆయన మొహం వెలిగింది. కుక్క దూరనిది, పిల్లి దూరనిది, చీమ కూడా గడప దాటనిది, భూమ్మీద ఒకే ఒక్క చోటు ఉంది.

"మిరప గది ముందు సగంలో పొయ్యండి" అన్నాడు. "ఇంతకన్నా శుభ్రమైన చోటు ఈ జిల్లాలోనే లేదు."

నాగేంద్రబాబుకీ కోటేశ్వరికీ కూడా అది మంచి మాటగానే తోచింది. ఆ ఇంటి ముక్కులు అలాంటివి. సిమెంటు మాలు కూడా బయట కలపనివ్వలేదు పేరయ్య. గాలికి ఎవరి ఉమ్మి ఎగిరొచ్చి పడుతుందో అని, అదే గచ్చు మీద కలపమన్నాడు. పారతో గీకి కలిపినప్పుడల్లా గచ్చు నెర్రెల్లోంచి పాతకాలపు కారమంతా లేచి, ఇసుకలో కలిసి, సిమెంటులో ముద్దయ్యింది.

మేస్త్రీ, కూలీలూ తుమ్మడం మొదలుపెట్టారు. ఒకరి తర్వాత ఒకరు, తర్వాత అందరూ ఒకేసారి. ఇంటి తలుపులు కదిలేంత తుమ్ములు.

"ఏందయ్యా బాలస్వామీ, ఈ తుమ్ములు?"

"పడిశం పట్టినట్టుందండీ."

"అందరికీ ఒకేసారా?"

"ఒకే బీడీ కాలుస్తాం గదండీ."

ఒక బీడీ అందరి నోళ్ళలోకీ తిరగడం పేరయ్య కళ్ళకి కట్టింది. "ఛీ ఛీ! నా మాలులో మీ చీమిడి పడితే చూస్తా" అని పాత పంచె చింపించి, ఒక్కొక్కరి ముక్కుకీ తడిగుడ్డ కట్టించాడు. గుడ్డలు కట్టాక తుమ్ములు ఆగాయి. ఇక ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. పేరయ్య మాత్రం తన శుభ్రత వల్లే జబ్బు తగ్గిందని ఊళ్ళో చెప్పుకున్నాడు.

నడిమింట్లో మంచం మీద వెంకటరావమ్మ గోడకి చెవి ఆనించి ఆ చప్పుళ్ళన్నీ వినేది. "ఎందాకా వచ్చిందే?" అని కోడల్ని అడిగేది. ఇటుక వరస లేచిన కొద్దీ ఆమె గొంతులో కాస్త జీవం లేచేది. తిండి మాత్రం గుప్పెడే. "అయిపోనీ, అప్పుడు తింటాలే" అనేది.

అయిపోయింది. నడుం ఎత్తు దాకా తెల్ల టైల్సు, ఆ పైన నున్నటి ప్లాస్టింగు, మూల కమోడ్, పట్టుకోవడానికి ఇనప కడ్డీ. సున్నం ఇంకా కొట్టలేదు గానీ ఆగే ఓపిక ఎవరికీ లేదు. ఆ పొద్దున వెంకటరావమ్మ మంచం మీద లేచి కూర్చుని, "కోటేశ్వరీ, ఇయ్యాల పప్పు గట్టిగా చెయ్యి. గోంగూర కూడా తియ్యి" అంది. ఆ మాట విన్న పేరయ్య వసారాలో తనకి తెలియకుండానే రెండు అడుగులు గుమ్మం వైపు వేశాడు.

ఆమె తిన్నది. తృప్తిగా తిన్నది. తర్వాత వాకరు పట్టుకుని, ఆగుతూ ఆగుతూ, తనంతట తనే ఆ తలుపు దాటింది. కోటేశ్వరి పొగలు కక్కే వేడినీళ్ళు రెండు బకెట్లు లోపల పెట్టి, పక్కన నిలబడింది.

ఆవిరి లేచింది. గోడలకి చెమట పట్టింది. పొడి ఘాటుకి అలవాటుపడిన ఆ ఇంటి ముక్కులు తడి ఘాటుని ఎరగవు. ఆ తర్వాత లోపలి నుంచి వచ్చిన కేక పేట హైవే మీద లారీవాళ్ళకి వినపడి బ్రేకులు వేశారని అంటారు. అత్తా కోడళ్ళు ఇద్దరూ దగ్గుతూ, తుమ్ముతూ, కళ్ళు చింతనిప్పుల్లా పెట్టుకుని, ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని బయటపడ్డారు. తడి ఒళ్ళంతా భగభగమని మంట. కోటేశ్వరి మజ్జిగ తెచ్చి అత్తగారి ఒంటికి రాసింది, తనూ రాసుకుంది.

"కుర్చీ దొడ్డి అంటే ఇంత మంటా?" అంది వెంకటరావమ్మ ఏడుస్తూ. "పెరట్లోదే నయం. జారిపడ్డా చల్లగా పడ్డా."

ఆ పూట నుంచి మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుంది. మళ్ళీ గుప్పెడన్నం. ఆ తర్వాత అదీ లేదు.

కూలీలు టైల్సు కడిగిన ఆసిడ్ వాసనై ఉంటుందని నాగేంద్రబాబు చెప్పి, అంతా సబ్బుతో కడిగించి, తను స్నానానికి దిగాడు. తువ్వాలు కూడా మర్చిపోయి గేదెల తొట్టిలో దూకాడు.

ఊరన్నాక సానుభూతి చెప్పడానికి వస్తారు. స్కూల్లో లెక్కలు చెప్పే జయరావు మాస్టారు వచ్చాడు. ఆయనకి పుట్టినప్పటి నుంచీ ముక్కు దిబ్బడ. పలుకుతుంటే ప్రతి అక్షరానికీ అరసున్న వినపడేది. ఏమిటో చూద్దామని బాత్రూములోకి తొంగిచూసి, నాగేంద్రబాబు వదిలేసి పోయిన వేడినీళ్ళ ఆవిరి తగిలి, పెద్దగా తుమ్మి, ముక్కు పట్టుకుని బయటికొచ్చి, అలాగే నిలబడిపోయాడు.

"పేరయ్యగారూ! మీ వంటింట్లో పోపు వాసన వస్తోందండీ! జీవితంలో మొదటిసారి పోపు వాసన!"

అంతే. రెండో రోజుకల్లా ఊళ్ళో పడిశం పట్టినవాళ్ళంతా పేరయ్య ఇంటికి బయల్దేరారు. ఊపిరి ఆడనివాళ్ళు, కఫం పట్టినవాళ్ళు, మంగళగిరిలో మగ్గాల దగ్గర నూలు దుమ్ము పీల్చినవాళ్ళ చుట్టాలు. ఒక రైతు రొప్పుతున్న ఎద్దుని తోలుకొచ్చాడు. అది కొమ్ముల దాకా దూరి తలుపు చట్రంలో ఇరుక్కుంది. ఒక్క తుమ్ము తుమ్మి చట్రంతో సహా వెనక్కి వచ్చింది. ఊరి ముక్కుల్లో ఏళ్ళ తరబడి పేరుకున్నదంతా పేరయ్య ఇంట్లో, ఆయన వసారాలో, ఆయన కూర్చునే అరుగు అంచున జారుతోంది. టీ గ్లాసు జేబులో పెట్టుకు తిరిగిన మనిషికి ఇంతకన్నా నరకం ఏ దేవుడూ రాయలేడు.

కర్ర తీసుకుని అందరినీ తరిమాడు. తరిమి, తలుపులన్నీ వేసి, ముక్కుకి కండువా చుట్టుకుని, మొదటిసారి ఆ బాత్రూములోకి అడుగుపెట్టాడు.

కిటికీలోంచి ఎండ పడుతోంది. చెమట పట్టిన గోడ మీద సన్నటి ఎర్ర చుక్కలు. దగ్గరికి వెళ్ళి చూశాడు. ప్లాస్టింగులో ఇరుక్కుని ఒక గింజ, చదునుగా, పసుపు పచ్చగా. గోటితో గీకాడు. గోరు వైపు చాలాసేపు చూశాడు. మిరప పండించే మనిషి కాయని కంటితో నమ్మడు. నాలికతోనే నమ్ముతాడు. అది అరవయ్యేళ్ళ అలవాటు, అసహ్యం కన్నా గట్టిది. పెళ్ళిళ్ళలో అరటిపండు తొక్కతో పట్టుకుని తిన్న పేరయ్య ముందుకి వంగి, లెట్రిన్ గోడని నాకాడు.

నాకి, కళ్ళు మూసుకున్నాడు.

"మనదే" అన్నాడు ఖాళీ గదితో. "బావి చేలో సన్నకాయ. వాన తగిలిన ఏడాదిది. కాస్త చేదుంది."

వెనక్కి జరిగి, దొరికిన దాని మీద కూలబడ్డాడు. అది కమోడ్ అని కూర్చున్నాక తెలిసింది. లేవలేదు.

గోడ అవతల మంచం మీద నుంచి వెంకటరావమ్మ పిలిచింది. "ఏందయ్యా, లోపల ఏడుస్తన్నావా?"

"ఘాటే."

"ఎక్కడి ఘాటు?"

"కుక్క ముట్టిందని ఇసక తీసుకొచ్చి కారంలో పోయించా. నేనే." కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. "నీకని కట్టించి, నిన్నే కాల్చా. ఛీ."

ఆయన తన మీదే తను ఛీ అనుకోవడం ఆమె వినడం అదే మొదలు. తర్వాత నెమ్మదిగా అంది: "పెంట మీద పడ్డా లేచి కడుక్కుంటాం. లేచి రా."

బాలస్వామికి కబురు వెళ్ళింది. వచ్చి, గోడ గీకి చూసుకుని, నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "మా ముక్కులు చెప్పినా వినలేదండీ మనం. పడిశమనుకున్నాం." ప్లాస్టింగంతా చెక్కేయాలి, కొత్త మాలు కట్టాలి. చెక్కడానికి మనుషులున్నారు గానీ అతనికి పేటలో స్పిన్నింగు మిల్లు పని ఒప్పుకున్నది ఉంది. "చర్చి నుంచొచ్చాక ఆదివారం మధ్యాహ్నం, సోమవారం చేసిపెడతానండీ. అప్పటికి ఇసక జల్లించి సిద్ధంగా ఉండాల. జల్లించే మనుషులు మాత్రం నా దగ్గర లేరు." గుమ్మం దిగుతూ అడిగాడు: "ఇసక ఎక్కడ పోయించమంటారు?"

పేరయ్య వీధివైపు చూశాడు. కుక్క అరుగు కింద పడుకుని తోక ఆడించింది.

"వీధిలో" అన్నాడు.

కర్ర పట్టుకుని కాపలా కూర్చున్నాడు. కాపలా కాసినంత మాత్రాన కుక్కలకి తెలియదా, ముసలాయనకి ఎప్పుడు కునుకు పడుతుందో? ఆదివారం పొద్దున చూస్తే గుట్ట మీద ఊరి జంతుజాలం అంతా సంతకాలు చేసి పోయింది. నాగేంద్రబాబు లారీకి పత్తి ఎత్తించడానికి పోయాడు. కోటేశ్వరి చేతులు ఇంకా బొబ్బలు. జల్లెడ గోడకి ఆనించి ఉంది.

పేరయ్య పంచె ఎగ్గట్టాడు. కూర్చున్నాడు. గుప్పెడు ఇసుక జల్లెడలో వేసి ఊపాడు. పైన మిగిలిన దాన్ని చూసి డోకు వచ్చింది. గోడ పక్కకి పోయి, వచ్చి, మళ్ళీ కూర్చున్నాడు. కంటితో చూస్తే రోత, చేత్తో తీస్తే ఇంకా రోత, తీయకపోతే లోపల మంచం మీద మనిషి ఎముకలు. చేత్తోనే తీశాడు.

"ఇది కుక్కది. ఛీ. ఇది పిల్లిది, పూడ్చిపెట్టింది దొంగముండ. ఛీ ఛీ. ఇది మేకదే, ఫరవాలేదు. ఇది..." ఆగిపోయి, చుట్టుపక్కల ఇళ్ళ వైపు కళ్ళెర్రజేసి అరిచాడు. "ఒరేయ్, ఇది కుక్కది కాదురా! ఎవుడ్రా వాడు?"

నవ్వు వినపడింది. తలెత్తి చూస్తే, కోటేశ్వరి మంచాన్ని గుమ్మం దాకా జరిపింది. దాని మీద దిండుకి ఆనుకుని వెంకటరావమ్మ కూర్చుని ఉంది. పమిట నోట్లో కుక్కుకుని, ఎముకల మెడ అదిరిపోయేట్టు నవ్వుతోంది.

"నీ మొహం చూడాల్సిందే అయ్యా! టీ గ్లాసు కాలవలో పారేసిన దొరవి గదా!"

"నవ్వు, నవ్వు. ఎవరి కోసం?"

"ఏమో, ఎవరి కోసమో. ఇసక కోసమేమో."

పేరయ్య జల్లించిన ఇసుకని దోసిట్లోకి తీసుకుని, నడుం పట్టుకుని లేచి, మంచం దగ్గరికి వెళ్ళి చూపించాడు. నున్నగా, సన్నగా, శుభ్రంగా ఉంది.

"ఇటేపు ఎవురూ ముట్టలేదు" అన్నాడు.

వెంకటరావమ్మ నవ్వు ఆపింది. పమిట చెంగుతో ఆయన నుదుటి మీద చెమట తుడిచింది. "చేతులు కడుక్కోపో, ఛండాలుడా" అంది.

సోమవారం పొద్దు వాలేలోపు బాలస్వామి ఎద్దు పీకిన తలుపు చట్రం నిలబెట్టి, కొత్త ప్లాస్టింగు పూర్తి చేశాడు. ఆరిందాకా ఆగారు. ఈసారి ముందు ఆవిరి పట్టి పరీక్ష చేసింది పేరయ్యే. లోపల తలుపు వేసుకుని, వేడినీళ్ళు పోయించుకుని, వచ్చి, "ఏం లేదు. ఉత్త రోతే" అన్నాడు.

ఆ రోజు వెంకటరావమ్మ పప్పన్నం తిన్నది. గోంగూర వేసుకుని ఇంకోసారి పెట్టించుకుంది. పెరుగన్నం కూడా అయ్యాక, "ఇంకో గ్లాసు మజ్జిగ పొయ్యవే, దాహంగా ఉంది" అని అడిగింది. కోటేశ్వరి పళ్ళెం తీస్తూ వసారాలోకి తొంగిచూసి, ఖాళీగా ఉన్న ఆ పళ్ళేన్ని మామగారికి చూపించింది. నాకినట్టు తుడిచి ఉంది. ఎంగిలి పళ్ళెం చూసి మొహం తిప్పుకోకపోవడం పేరయ్యకి అదే మొదలు.

కాసేపటికి వాకరు చప్పుడు వినపడింది. తలుపు పడింది. పేరయ్య మనసాగక లేచి, నడిమింట్లోకి వచ్చి, బాత్రూమ్ తలుపు దగ్గర నిలబడ్డాడు. జారిందేమోనని ఒకసారి, మంట పుట్టిందేమోనని ఒకసారి తలుపుకి చెవి పెట్టాడు. లోపల నీళ్ళు బుసకొట్టి దిగిన శబ్దం వచ్చింది. ఆ శబ్దానికి ఒళ్ళంతా కంపరమెత్తింది. అయినా కదల్లేదు.

"ఎవరది తలుపు దగ్గర?" అంది వెంకటరావమ్మ లోపల నుంచి.

"నేనే. బాగానే ఉన్నావా అని."

"ఛీ! అవతలికి పో."

పేరయ్య అవతలికి పోయాడు. అరుగు మీద కూర్చుని, చాలా రోజుల తర్వాత, ఆకలేస్తోందని కోడలికి కేకేశాడు.